కీచురాళ్ళు వినబడనివాళ్ళు కొన్న ఆంప్లిఫయర్

కొత్త ఆంప్లిఫయర్‌ను పెట్టెలోంచి తీసి కాసేపు మోగనిస్తే, లోపలి ట్రాన్స్‌ఫార్మరు తీగకు పూసిన వార్నిషు మెల్లగా వేడెక్కి, కొంచెం బెల్లం మాడినట్టు, కొంచెం ఎండకు కాగిన రేకు మీద తొలి చినుకు పడ్డట్టు ఒక వాసన వస్తుంది. మొన్న మా ముందు గదిలో ఆ వాసన రెండు మిషన్లలోంచి ఒకేసారి వచ్చింది. మా చర్చిలో పాతది మూలనపడింది కాబట్టి, కొత్తది ఎంచే పని ఎప్పటిలాగే నాకే అప్పగించారు. ఖమ్మంలో షాపతను రెండు మిషన్లు ఇచ్చి, నచ్చనిది తిరిగి పంపమన్నాడు. ఇచ్చేముందు తన ఫోను నా ముందు పెట్టాడు.

"అక్కా, దీనికి నాలుగున్నర స్టార్లున్నయ్. గిన్ని వేల మంది మంచిగున్నదని రాసినంక ఇంకేం ఇంటవ్?"

"గా వేల మందిల మా చర్చోళ్ళు ఎందరు తమ్మీ?" అని అడిగాను. నవ్వి, రెండు పెట్టెలూ ఆటోలో పెట్టించాడు.

నా పద్ధతి ఒకటే. ముందు రెండింటి మోతనూ మీటరు పెట్టి కొలిచి సమానం చేస్తాను, ఎందుకంటే ఏది కాస్త గట్టిగా మోగితే అదే మంచిదని చెవి మోసపోతుంది. తర్వాత ఏది ఏదో కనబడకుండా రెండింటి మీదా దుప్పటి కప్పుతాను. ఆ తర్వాత తీర్పు నేను చెప్పను. చర్చిలో పాడే అమ్మాయిల్నీ, వాళ్ళ తల్లుల్నీ, ఒకరిద్దరు ముసలమ్మల్నీ పిలిచి గోడవైపు తిప్పి కూచోబెడతాను, వాళ్ళు ఏది చాలునంటే అదే కొంటాను. నేను పదో తరగతి దాటలేదు. శబ్దానికి సంబంధించిన లెక్కలు పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ఒక పాటల పెట్టె కోసం ఇంత తతంగం ఎందుకని మా ఆయన ఏటా విసుక్కుంటాడు. చెవుల మీద ప్రేమ అని చెప్పి తప్పించుకుంటాను. నిజానికి అది పగ.

నా చిన్నప్పుడు మా గని కాలనీ భద్రాచలం పోయే రోడ్డుకు ఒక పక్క, అడవికి ఒక కంచె ఇవతల ఉండేది. తెల్లవారకముందే ప్రతి క్వార్టరు ముందూ బొగ్గు పొయ్యి అంటించి, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి మోసుకుపోయేవారు కాబట్టి, మా పొద్దులన్నీ పొగలోనే మొదలయ్యేవి. ఆ పొగలోంచి సైరను మోగేది, సైరను వెంట టిఫిన్ డబ్బాల చప్పుడు, డబ్బాల వెంట నైట్ డ్యూటీ దిగి వచ్చే మగవాళ్ళ బూట్ల చప్పుడు. ఎంత కడుక్కున్నా వాళ్ళ కనురెప్పల అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలిపోయేది, పెళ్ళిఫోటోల్లో కూడా అది కనబడేది. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలితే, గాలి ఇటు తిరిగిన పొద్దున కాలనీ అంతా మత్తుగా తియ్యగా వాసన వేసేది. అడవి ఊళ్ళ ఆడవాళ్ళు మోదుగాకు దొన్నెల్లో మొర్రిపండ్లు, తునికి పండ్లు పెట్టుకుని వచ్చి, వాళ్ళ భాషలో వాళ్ళు నవ్వుకుంటూ మా భాషలో మాతో బేరమాడేవారు. అదే రోజుల్లో నవమి కోసం భద్రాచలం నడిచిపోయే జనం రోడ్డంతా పసుపు బట్టలతో నిండిపోతే, మేము చర్చి మెట్ల మీద కచ్చకాయలాట ఆపి, వాళ్ళకు కుండల్లో నీళ్ళు అందించి, తిరిగి వచ్చేసరికి ఎవరి వంతో మరిచిపోయి తన్నుకునేవాళ్ళం. క్రిస్మసుకు వారం ముందు నుంచి అరిసెల పాకం, గరిజెల్లోకి దంచిన కొబ్బరి, సున్నం వేసిన తడి గోడ, వెదురు చీల్చి రంగు కాగితం అంటించిన నక్షత్రం మీది మైదా జిగురు, ఇవన్నీ కలిసి ఒకే వాసనగా ఇంట్లో తిరిగేవి.

ఇంకొక సంగతి ఉంది, అప్పుడు మాకు అది సంగతి అనిపించలేదు. మా కాలనీలో మగవాళ్ళు మాట్లాడితే అరిచినట్టే ఉండేది. రేడియో పెడితే అందులో మనిషి గొంతు రంపంతో కోసినట్టు కీచుమనేది. ఆడవాళ్ళు మొగుడితో మాట్లాడేటప్పుడు చేతులు తిప్పుతూ, మొహం మొహానికి ఎదురుగా పెట్టి మాట్లాడేవారు. బయటి ఊరి చుట్టం ఎవరైనా వచ్చి మెల్లగా మాట్లాడితే, ఆయనకు ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్ళం.

మా అమ్మ రూతమ్మది దమ్మపేట వైపు. పొలంలో పాడి పాడి తయారైన గొంతు. సన్నగా ఉండేది కానీ గుచ్చుకునేది కాదు, మాట మాటా ఒలిచిన చిక్కుడుగింజలా విడిగా వినబడేది. చర్చిలో మైకు ముందు నిలబడే ఆడమనిషి ఆమె ఒక్కతే. ముఖ్యంగా గుడ్ ఫ్రైడే నాడు, పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని జనం మధ్యాహ్నం మూడింటికి వాడిపోయి కూచుని ఉన్నప్పుడు, చివర పాడే పాట ఆమెది. ఆ పాట అయ్యాకే అందరూ లేచి ఇళ్ళకు పోయి గంజి తాగేవారు. సంవత్సరమంతా పొయ్యి దగ్గరా, నల్లా దగ్గరా, బియ్యంలో రాళ్ళేరుతూ ఆ పాటనే సానబెట్టుకునేది. ఆమెకు నగల్లేవు. ఆ పాట ఉంది.

చర్చి పాటల బృందానికి పెద్ద దేవదానం. మా నాయినతో పాటే బాయిలో డ్రిల్లు మీద పనిచేసేవాడు, బొగ్గు గనిని మేము బాయి అనే అంటాం. హార్మోనియం బాగా వాయించేవాడు, అది ఒప్పుకోవాలి. నేను ఆయన్ని పెద్దనాయినా అని పిలిచేదాన్ని. ఒక క్రిస్మసుకు ముందు ఆయన ఏదో పత్రికలోంచి చింపిన కాయితం తెచ్చి చర్చి గోడకు అంటించాడు. అందులో ఒక ఆంప్లిఫయర్ బొమ్మ, దాన్ని మెచ్చుకుంటూ రాసిన వ్యాసం, కింద మార్కులు. "నూటికి తొంభై రెండు ఇచ్చిండ్రు. మన పిల్లలకు ఎవలకన్న అచ్చినయా గన్ని?" అని అందరినీ నవ్వించాడు. చందా వేసి ఆ మిషన్నే తెప్పించారు. బిగించిన రోజు సంఘంలోని మగవాళ్ళు నలుగురు ముందు నిలబడి, దేవదానం మైకులో మాట్లాడుతుంటే, ట్రెబుల్ అని రాసి ఉన్న నాబు తిప్పుతూ పోయారు. సన్నని శబ్దాలను పెంచే నాబు అది. "ఇంక, ఇంక, ఇప్పుడు సాఫ్‌గున్నది" అనుకుంటూ చివరిదాకా తిప్పి, అక్కడ సున్నంతో గీత పెట్టారు. ఆ గీత ఎవరూ దాటకూడదు, తగ్గించకూడదు.

క్రిస్మసు ఆరాధనలో అమ్మ మొదటి మాట ఎత్తగానే వెనక వరసలో చంటిపిల్ల గుక్కపట్టింది. స అన్నా, శ అన్నా, చ అన్నా సైకిలు బ్రేకు వేసినట్టు చెవిలో దిగింది. ఆడవాళ్ళు కొంగులు చెవులకు పెట్టుకున్నారు. నేను కూడా పెట్టుకున్నాను, అమ్మ నన్ను చూసింది. మగవాళ్ళ వరసలు మాత్రం నిశ్చింతగా కూచుని, ఈ ఆడవాళ్ళకు ఏమైందా అన్నట్టు చూస్తున్నాయి. అంతకుముందు దేవదానం బొంగురుగొంతుతో ప్రకటనలు చదివితే ఎవరూ అంత ఇబ్బంది పడలేదు. అందుకని ఆయన లెక్క సులువుగా తేలిపోయింది. అరిసెలు పంచుతుండగా, అందరూ వినేలా అన్నాడు:

"మిషన్ ఫస్ట్‌క్లాస్. పత్రికోళ్ళు ఉత్తగ రాస్తరా? రూతమ్మ గొంతే అరిగిపోయింది. గుడ్ ఫ్రైడే పాట ఇగ మా తమ్ముడు పాడ్తడు."

అమ్మ చేతిలో అరిసె ఉంది. దాన్ని నాకిచ్చి ఇంటికి నడిచింది. ఆ రోజు నుంచి ఇంట్లో పాట లేదు. నల్లా దగ్గర నీళ్ళ చప్పుడు నీళ్ళదే, చాటలో బియ్యం చప్పుడు బియ్యానిదే. నాయిన ఒకసారి "ఏందే, పాడ్తలెవ్వు?" అని అడిగితే, "అరిగిపోయిందంట కదా" అని పొయ్యిలోకి చూస్తూ అంది. గుడ్ ఫ్రైడే వచ్చింది, దేవదానం తమ్ముడు ఆ పాట పాడాడు, ఉపవాసంతో ఎండిన పెదవులతో అమ్మ కింద చాపమీద కూచుని మాట మాటకూ పెదవులు కదిపింది, గొంతు మాత్రం రానివ్వలేదు.

నాకప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయి. దేవదానాన్ని నేను అసహ్యించుకున్నంత శ్రద్ధగా నా జీవితంలో ఏ పనీ చెయ్యలేదు. ఎదురుపడితే వందనాలు చెప్పడం మానేశాను. ఈస్టరు ముందు రాత్రి ఇప్పపువ్వు గుప్పెడు తెచ్చి హార్మోనియం తిత్తిలో కూరాను. పొద్దున ఆరాధన నడిమధ్యలో, ఆ తీపికి చేరిన చీమలు ఆయన లాల్చీ చేతుల్లోంచి పైకి పోతుంటే, పాట ఆపలేక, గోక్కోలేక ఆయన మెలికలు తిరిగాడు. పరిశుద్ధాత్మ దిగిందనుకుని ఒక ముసలమ్మ ఏడ్చింది. అది చూసి అమ్మ మొహంలో ఇసుమంత నవ్వు కదిలింది కానీ, పాట రాలేదు. చీమలతో పని కాదని నాకు అర్థమైంది.

తొలకరి పడ్డాక, ఒక సాయంత్రం కరెంటు పోయి, అందరం గడప ముందు కూచున్నాం. కంచె అవతల అడవిలో కీచురాళ్ళు ఒక్కసారిగా అందుకున్నాయి, గాలినంతా సన్నని తీగలతో కుట్టేసినట్టు.

"నాయినా, ఈ కీచురాళ్ళు ఎప్పుడు ఊకుంటయే?" అన్నాను.

"ఏ కీచురాళ్ళే?" అన్నాడు నాయిన. "ఇయ్యాల సప్పుడే లేదు గదా. మంచిగ సల్లగున్నది."

వేళాకోళం అనుకుని ఆయన మొహం చూశాను. వేళాకోళం లేదు. చల్లగాలికి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

అప్పటి నుంచి నేను లెక్కలోకి దిగాను. ఉప్పు అడగడానికో, పాల గిన్నె ఇవ్వడానికో సాయంత్రం పూట ఒక్కో ఇంటికి పోయి, ఆ ఇంటాయన్ని మాటల్లో పెట్టి, కీచురాళ్ళ సంగతి అడిగేదాన్ని. బాయి పైన దీపాలు అందించే లాంపు రూములో పనిచేసే వాళ్ళకు వినబడుతున్నాయి. పంపు దగ్గర వాళ్ళలో కొందరికి వినబడుతున్నాయి, కొందరికి లేదు. డ్రిల్లు మీద, బ్లాస్టింగు మీద, ఆ మోతలో పాతబడ్డవాళ్ళలో ఒక్కరికీ వినబడటం లేదు. చెవుల్లో దూది పెట్టుకుని బాయిలో దిగితే పెళ్ళికూతురని వెక్కిరిస్తారని వాళ్ళే చెప్పారు, అందుకని ఎవరూ పెట్టుకోరట. చర్చి మిషను నాబు తిప్పిన నలుగురూ ఎవరెవరో గుర్తు తెచ్చుకున్నాను. నలుగురూ డ్రిల్లువాళ్ళే. కీచురాళ్ళు వినబడని వాళ్ళు, తమకు వినబడేదాకా సన్నదనాన్ని పెంచుకుంటూ పోయారు, వినబడేవాళ్ళ చెవుల్లో మేకులు దిగాయి, నింద మా అమ్మ గొంతు మీద పడింది. పత్రికవాడికి మా బాయీ తెలియదు, మా అమ్మా తెలియదు. తొంభై రెండు మార్కులు వేసి చేతులు దులుపుకున్నాడు.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్తే చిన్నపిల్ల మాటగా పోతుందని తెలుసు. ఇంటింటా వంతులవారీగా జరిగే ప్రార్థన కూటం దేవదానం ఇంటికి వచ్చేదాకా ఆగాను. ఆయన క్వార్టరు చివరి వరసలో, కంచెకు ఆనుకుని ఉండేది. పొద్దు వాలుతుండగా ముంగిట్లో చాపలు వేశారు, ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. పిల్లలు ఒక్కొక్కరు లేచి బైబిలు వాక్యం చెప్పాలి. నా వంతు వచ్చింది.

"వాక్యం చెప్తా గని, ముందుగాల ఒక మాట," అన్నాను. "కీచురాళ్ళు ఇనవడేటోళ్ళు చేతులెత్తున్రి."

పిల్లలు ఆటనుకుని చటుక్కున ఎత్తారు. ఆడవాళ్ళు నవ్వుతూ ఎత్తారు. లాంపు రూము ఆయన ఎత్తాడు. మిగతా మగవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

దేవదానం హార్మోనియం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "ఏ కీచురాళ్ళు పిల్లా? గీడ ఏమన్న ఉన్నయా? వాక్యం రాకుంటే రాదని చెప్పు, గిట్ల తప్పించుకుంటరా?"

ఆయన భార్య మార్తమ్మ చెయ్యి ఎత్తే ఉంది. "ఏందయ్యా గట్లంటవ్?" అంది. "నెత్తి పగిలిపోతున్నది వీటి మోతకు. కిటికీ ఎన్కాలనే ఉన్నయి. రోజూ పండుకోనిస్తలేవు."

ఆయన కిటికీవైపు తిరిగాడు. తలను కాస్త పక్కకు వంచి విన్నాడు. ముంగిలి అంతా ఆయన్నే చూస్తోంది. అడవి అంతా మోగుతోంది. ఆయన మొహంలో ఏమీ కదల్లేదు, కదలడానికి ఆయన దగ్గరికి ఏమీ చేరలేదు. మెల్లగా మెడ దాకా ఎరుపెక్కింది.

"ఏండ్ల సంది నేను గొణుగుతనని తిట్టినవు గదయ్యా," అంది మార్తమ్మ, చెయ్యి దించకుండానే. "నీకే ఇనవడదన్నమాట."

ముందు ఒకామె నవ్వింది, తర్వాత ఇంకొకామె, ఆ నవ్వు చాప చివరిదాకా పోయి అక్కడ ఆగిపోయింది, ఎందుకంటే ప్రతి ఆడమనిషీ అప్పటికి తన మగవాడి ఎత్తని చేతులవైపు చూసి ఉంది. "మిషన్ నాబు తిప్పింది వీళ్ళే," అని నేను నిదానంగా అన్నాను, నలుగురి పేర్లూ వరసగా చెప్పాను. చెప్పి, వాక్యం కూడా తప్పు లేకుండా చెప్పి, కూచున్నాను. ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ నాలుక మీద ఉంది. దానికి నేను ఎన్నడూ సిగ్గుపడలేదు.

అమ్మ చెయ్యి కూడా ఎత్తి ఉంది. ఎదుటి చాపమీద నాయిన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. అమ్మ ఆయన్ని చూసి, చెయ్యి మెల్లగా దించేసుకుంది. ఇంటికి వస్తుంటే దారిలో నాయిన అన్నాడు: "రాగమైతే ఇనవడ్తది రూతూ. మాటలే తెలుస్తలెవ్వు. నువ్వే నోట్లె పెట్టుకుంటవేమో అనుకున్న." మర్నాడు పొద్దున అమ్మ పొయ్యి దగ్గర, నాయినను ఎదురుగా పీట మీద కూచోబెట్టి, తన పెదవులు చూడమని చెప్పి, ఒక్కో మాట ఆపి ఆపి పాడింది. తొమ్మిది నెలల తర్వాత మా ఇంట్లో పాట అది.

దేవదానం అంత తేలిగ్గా లొంగలేదు. పిల్లదాని మాటకు, పత్రిక మెచ్చిన మిషన్‌ను తప్పుపడతారా అని రంకెలు వేశాడు. అప్పుడు మార్తమ్మే ముందుకొచ్చి ఆడవాళ్ళందరినీ కూడగట్టింది. ఊళ్ళో పెళ్ళిళ్ళకూ పీర్ల పండుగకూ మైకు సెట్టు కిరాయికిచ్చే యాకూబ్ చాచా దగ్గర్నుంచి, ఆయన పాత మిషను ఒకటి తెప్పించారు. పైన రంగు లేచిపోయి, లోపల గాజు బుడ్లు వెలిగే పాతది. దానికి ఏ పత్రికా మార్కులు వేసి ఉండదు. రెండింటినీ దుప్పటి కింద పెట్టి, ఆడవాళ్ళందరూ గోడవైపు తిరిగి కూచుంటే, అమ్మ మైకులో పాట ఎత్తింది, యాకూబ్ చాచా తీగలు మార్చాడు. మగవాళ్ళను వరండాలో నిలబెట్టారు. కొత్తదాన్ని గీత దగ్గర పెట్టీ విన్నారు, నాబు తగ్గించీ విన్నారు. తగ్గిస్తే చెవి నొప్పి పోయింది కానీ, అమ్మ గొంతు గోనెసంచిలోంచి వచ్చినట్టు ఉందన్నారు. పాతదానిలో మాత్రం మాటలు అమ్మవే, గొంతు అమ్మదే. మార్తమ్మ దుప్పటి ఎత్తి చూసి, "సాలు, ఇగ లోపలికి రాన్రి," అని మగవాళ్ళను పిలిచింది.

మళ్ళీ గుడ్ ఫ్రైడే నాడు అమ్మ పాడింది. చంటిపిల్లలు తల్లుల ఒళ్ళలో నిద్రపోతూనే ఉన్నారు. ముందు వరసలో దేవదానం చెవి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏం తెలుస్తలేదు, పెంచున్రి, పెంచున్రి" అని సైగ చేశాడు. ఆ రోజు మిషను పక్కన నన్ను కూచోబెట్టారు. నేను ఆయన కళ్ళలోకి చూశాను. పెంచలేదు. నాయిన రెండో వరసలో ఉన్నాడు, ఆయనకు పెంచాల్సిన పని లేదు, అమ్మ పెదవుల మీదినుంచి కళ్ళు తీయకుండా మాట మాటా అందుకుంటున్నాడు.

ఇప్పుడు ఆ కాలనీ లేదు. క్వార్టర్లున్న చోట బొగ్గు కోసం నేలంతా తవ్విన ఓపెన్‌కాస్టు గుంత ఉంది, అందులో లారీలు పై నుంచి చూస్తే గోలీల్లా కనబడతాయి. కంచె పోయింది, కంచె అవతలి అడవి కొండల మొదట్లోకి జరిగిపోయింది. బొగ్గు పొయ్యిలు పోయి, పొద్దుటి పొగ పోయింది. యాకూబ్ చాచా గాజు బుడ్లు ఎక్కడా దొరకవు. నాయిన పోయాడు, ఆయన వెనకే అమ్మా పోయింది. వానాకాలం సాయంత్రాలు మేడ మీదికి ఎక్కి వింటాను. కీచురాళ్ళు పలచబడ్డాయో, నా చెవులే పలచబడ్డాయో తేల్చడానికి నా దగ్గర లెక్క లేదు.

దేవదానం మాత్రం ఉన్నాడు. బాగా వంగిపోయాడు, మార్తమ్మ పోయాక మనవరాలు చెయ్యి పట్టుకుని ముందు వరసలోనే తెచ్చి కూచోబెడుతుంది. పోయిన ఆదివారం, అమ్మాయిలు గోడవైపు తిరిగి ఎంచిన కొత్త మిషను మొదటిసారి పెట్టాను. ఆరాధన అయ్యాక ఆయన కర్ర ఊతంతో నా దగ్గరికి వచ్చాడు.

"సువార్తా, గా నాబు జర పెంచరాదు బిడ్డా. పిల్లలు ఏం పాడుతున్నరో మాటలు తెలుస్తలెవ్వు. ఇంకెన్ని రోజులుంట నేను?"

ఎంత పెంచితే ఆయనకు మాటలు తెలుస్తాయో నాకు తెలుసు. అంత పెంచితే పాడే పిల్ల గొంతు ఏమవుతుందో కూడా తెలుసు. ఆయన ఒక్కడి కోసం చెవికి పెట్టుకునే చిన్న స్పీకరు విడిగా ఇవ్వవచ్చని, దానికి వేరే నాబు ఉంటుందని, అదీ, దాని తీగా నా సంచిలోనే ఉన్నాయని కూడా తెలుసు. మా అమ్మ నుంచి ఆయన తీసుకున్నది ఒక్క శుక్రవారం. దాన్ని దేనితో హెచ్చవేయాలో ఇన్నేళ్ళైనా నాకు తేలలేదు, అందుకని ఆ బాకీ ఎప్పటికి తీరుతుందో కూడా తేలలేదు.

"ఇంక కొన్నాళ్ళు ఇట్లనే ఇందాం పెద్దనాయినా," అని, సంచి జిప్పు వేసుకుని, మిషను ఆపేశాను.